కలివికోడి వెనుక ఒక వైద్యుడు : టి. సి. జెర్డన్ జీవితం

మన నెల్లూరు పేరెత్తగానే ఎవరికైనా మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు, కవిబ్రహ్మ తిక్కన, ఆ పైన పులికాటు సరస్సు, శ్రీహరికోట రాకెట్లు గుర్తుకు వస్తాయి. జంతుశాస్త్రం చదివే మాబోటి వాళ్లకు మాత్రం మరొక పేరు కూడా గుర్తుకు రావాలి. ఆ పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఆయన మన దేశం వాడు కాడు, మన భాష వాడు కాడు. ఈస్టిండియా కంపెనీ జీతం తీసుకొన్న సైనిక వైద్యుడు. కొన్నాళ్లు నెల్లూరికి సివిల్ సర్జనుగా వచ్చాడు, పోయాడు. అటువంటి దొరలు ఎందరో వచ్చి పోయారు గదా, ఈయన్ను గురించే ఎందుకు చెప్పుకోవాలి అని మిత్రులు అడగవచ్చు. ప్రపంచంలో మరెక్కడా దొరకని ఒక పక్షి మన తూర్పు కనుమల్లో ఉంది. దాన్ని లోకానికి ఎరుకపరచిన వాడు ఈయన. ఈ రోజు అడవిలో చెట్టుకు కెమెరా కట్టి, మనిషి లేకుండా జంతువుల ఫొటోలు తీసే పద్ధతి ఉంది చూడండి, ఆ పద్ధతికి మన రాష్ట్రంలో పెట్టిన కఠినమైన పరీక్షల్లో ఒకటి ఆ పక్షి కోసమే జరిగింది. అందుకని ఈ వ్యాసం.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో పుట్టాడు. వారి కుటుంబం స్కాట్లండు సరిహద్దు సీమలోని జెడ్‌బరో దగ్గరి బాన్‌జెడ్‌వర్డ్ వారు. తండ్రి ఆర్చిబాల్డ్‌కు కూడా చెట్టూ చేమా, పక్షీ పురుగూ అంటే ఆసక్తి ఉండేదట. ఎడింబరో విశ్వవిద్యాలయంలో కుర్రవాడు మొదట సాహిత్యపు చదువులో చేరాడు. రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుడు చెప్పే ప్రకృతి శాస్త్ర పాఠాలు వినడంతో మనసు అటు మళ్లింది. తరువాత వైద్యంలో చేరాడు. ఆ రోజుల్లో జంతువులను పరిశీలించాలని కోరిక గల బీద, మధ్యతరగతి కుర్రవాళ్లకు వైద్యం ఒక్కటే దారి. జంతుశాస్త్రం చదివితే ఎవరూ అన్నం పెట్టేవారు కారు. ఈ మాట మన బి.జెడ్.సి. విద్యార్థులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు!

కంపెనీ వారి కొలువులో అసిస్టెంటు సర్జనుగా కుదిరి 1836 ఫిబ్రవరిలో ఆయన మద్రాసులో ఓడ దిగాడు. మొదట గంజాం వైపు పంపారు. అక్కడ సిపాయిలు జ్వరాలతోనూ, రక్తవిరేచనాలతోనూ రాలిపోతున్నారు. పగలంతా రోగులను చూచుకొంటూ, దొరికిన కాస్త తీరికలో తూర్పు కనుమల పక్షులను చూచేవాడు. 1837లో రెండవ లైట్ కావల్రీకి వైద్యుడుగా తిరుచినాపల్లి చేరాడు. గుర్రపు దళం ఒకచోట ఉండదు. దానితోపాటే దక్కను పీఠభూమి మీద నాలుగేళ్లు తిరిగాడు. ఇంకొకడైతే ఎండనూ, దుమ్మునూ తిట్టుకొంటూ కాలం గడిపేవాడు. జెర్డన్‌కు ఆ తిరుగుడే బడి అయింది. మకాం మారినప్పుడల్లా కొత్త నేల, కొత్త చెట్లు, కొత్త పిట్టలు.

ఈ రోజుల్లోనే ఆయనకు ఒక దెబ్బ తగిలింది. తాను కూర్చిన పక్షి చర్మాలను పేర్లు తేల్చి పంపమని స్కాట్లండులోని విలియం జార్డిన్ అనే పెద్ద పండితుడికి పంపాడు. ఓడ మీద నెలల ప్రయాణం చేసి పెట్టె ఆ ఇంటికి చేరేసరికి చర్మాలన్నిటికీ పురుగు పట్టింది. అంత శ్రమా బూడిదలో పోసిన పన్నీరైంది. అక్కడి నుంచి జెర్డన్ ఎవరో పేరు పెడతారని ఎదురు చూడడం మానుకొన్నాడు. తాను చూచింది, తాను పోల్చుకొన్నది తానే వ్రాసి అచ్చు వేయడం మొదలుపెట్టాడు. మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో 1839 నుంచి ఆయన దక్షిణ భారత పక్షుల జాబితా వెలువడింది. అందులో 420 జాతులున్నాయి. అంతకు ముందు వెలువడిన జాబితాలతో పోలిస్తే అది చాలా పెద్ద అడుగు. దేశం గాని దేశంలో, గ్రంథాలయం అందుబాటులో లేని దండు మకాంలో, ఇరవై ఎనిమిదేళ్ల వయస్సులో చేసిన పని అది. పరికరాలు లేవు, పుస్తకాలు లేవు అని ప్రాక్టికల్స్ ఎగ్గొట్టే మనం దీన్ని కాస్త గుర్తుంచుకోవాలి.

1841లో ఉదకమండలంలో ఫ్లోరా మాక్లియడ్‌ను పెండ్లి చేసుకొన్నాడు. ఆమెకు కూడా బొమ్మలు వేయడంలో, పూల మొక్కల్లో మంచి అభిరుచి. ఆ చుట్టరికం వల్ల నీలగిరులకు రాకపోకలు పెరిగాయి. కొండ పక్షులను పరిశీలించే అవకాశం దక్కింది. ఆ తరువాతి కొలువే నెల్లూరు సివిల్ సర్జను ఉద్యోగం.

1840లనాటి నెల్లూరు ఎట్టా ఉండేదో ఊహించండి. రైలు లేదు. పెన్నకు ఆనకట్ట లేదు. తూర్పున సముద్రం, ఉప్పు కయ్యలు, తాటి తోపులు, పులికాటు బురద. పడమట వెలిగొండలు, ముళ్ల పొదలు. ఈ రెంటి మధ్య అరవై డెబ్బై మైళ్ల వెడల్పున చెరువుల కింద వరి, మెట్ట మీద జొన్న. పక్షుల కోసం తిరిగేవాడికి ఇంతకంటె మంచి చోటు ఏముంటుంది? ఉదయం ఉప్పునీటి కొంగ, సాయంత్రం కొండ పొదల కౌజు. అయితే డాక్టరు దొర ఆస్పత్రి వదలి రోజూ అడవికి పోలేడు. ఆయనకు కళ్లూ చెవులూ అయినవారు మన యానాదులు.

యానాదుల సంగతి ఈ తీరంలో పుట్టిన మనకు తెలియనిది కాదు. పొలం గట్టున ఎలుక బొరియ చూచి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగలరు. మడుగులో నీటి మీద బుడగ చూచి ఏ చేపో చెప్పగలరు. శ్రీహరికోట దీవి 1835లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు ఆ అడవిలో తేనె, వేళ్లు, మూలికలు సేకరించి బ్రతికేవారు వీరే. జెర్డన్ వీరిని చేరదీసి, ఏ పక్షి ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, దాని పేరేమిటి అని అడిగి తెలుసుకొన్నాడు. ఆయన పుస్తకాల్లో లాటిన్ పేరు పక్కన హిందుస్తానీ, తమిళ పేర్లతోపాటు తెలుగు పేర్లు ఎన్నో కనిపిస్తాయి. పాలపిట్ట, కౌజు, బట్టమేక అన్న మన పల్లె మాటలు ఇంగ్లీషు అక్షరాలలో 1860ల నాటి కలకత్తా ముద్రణలో చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. ఇందులో ఒక లోటు కూడా ఉంది, చెప్పక తప్పదు. పక్షుల తెలుగు పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి గాని, ఆ పేర్లు చెప్పిన మనుషుల పేర్లు చాలా వరకు ఎక్కలేదు. దొర పేరు మీద పది పదిహేను జీవులున్నాయి. దారి చూపిన యానాది పేరు మీద ఒక్కటీ లేదు. ఆనాటి పద్ధతి అది. ఇప్పుడైనా మనం ఆ లెక్క సరిచేయాలి.

సరే, ఇక ఆ పక్షి మాట. నెల్లూరికి పడమట ఉన్న కనుమల మీదా, కడప సీమలోనూ, రాళ్లు తేలిన నేలలో పలుచగా పొదలున్న చోట్ల ఒక విచిత్రమైన పక్షి జెర్డన్‌కు కనిపించింది. జానెడు కంటె కాస్త పెద్దది, 27 సెంటీమీటర్ల పొడవు. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు, గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టెలు. ఎగరడం కంటె పరుగెత్తడమే ఎక్కువ. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటరుగా ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీన్ని కొత్త జాతిగా శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు దాని శాస్త్రనామం రైనోప్టైలస్ బైటార్క్వేటస్. రెండు హారాలు గలది అని చివరి మాటకు అర్థం. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్. జెర్డన్ మాత్రం మనవాళ్లు పిలిచే పేరు అడవి ఉత్తతిత్తి అని వ్రాసుకొన్నాడు. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి. కడప పల్లెల్లో దానికి కలివికోడి అని పేరు. కలివి పొదల మధ్య తిరుగుతుంది గనుక ఆ పేరు వచ్చింది.

నెల్లూరి కాలమే ఆయన మరొక గొప్ప పని సాగించిన కాలం. ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నితాలజీ అనే బొమ్మల పుస్తకం 1843 నుంచి 1847 వరకు భాగాలుగా మద్రాసులో వెలువడింది. మొత్తం 50 చిత్రాలు. వాటిలో ఎక్కువ భాగం మన దేశపు చిత్రకారులు వేసినవే. రాతి మీద అచ్చు తీసి, ఒక్కొక్క ప్రతికీ చేత్తో రంగులు అద్దారు. నేటి కెమెరా కన్ను చేసే పనిని ఆనాడు కుంచె చేసిందన్నమాట.

1847లో ఆయన్ను మలబారు తీరాన ఉన్న తలచేరికి మార్చారు. అక్కడ చేపలు, చీమలు పట్టుకొన్నాడు. దక్షిణ భారతపు మంచినీటి చేపలను గూర్చి 1849లో, చీమలను గూర్చి 1851లో వ్యాసాలు ప్రకటించాడు. చీమలే కదా అని తీసివేయకండి. ఆయన 1851లో వర్ణించిన చీమల్లో ఎగిరి దూకే చీమ ఒకటుంది. దాని పేరు హార్పెగ్నాథస్ సాల్టేటర్. 2010లో ప్రపంచంలో మొట్టమొదట పూర్తి జన్యుపటం తయారు చేసిన రెండు చీమల్లో అది ఒకటి. రాణి చీమ చనిపోతే ఆ పుట్టలోని కూలి చీమలే కొన్ని రాణి స్థానం తీసుకొని గుడ్లు పెడతాయి. ఇదెట్లా జరుగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు. నేల మీద వంగి చీమ నడక చూచిన వైద్యుడికి ఇదంతా తెలియదు. కాని చూచినది చూచినట్లు వ్రాసి పెట్టాడు, అది చాలు. నూట అరవై ఏళ్ల తరువాత కూడా పనికి వచ్చింది.

తరువాతి ఉద్యోగపు మెట్లను త్వరగా చెప్పేస్తాను. 1850లలో మధ్య భారతంలోని సాగర్‌లో దళ వైద్యుడుగా పనిచేశాడు, సర్జన్ మేజరయ్యాడు. సెలవు మీద డార్జిలింగు వెళ్లి హిమాలయ పక్షులను చూచాడు. భారతదేశపు వెన్నెముక గల జంతువులన్నిటికీ చేతిలో పట్టుకొని తిరగదగ్గ పుస్తకాలు కావాలని వైస్రాయి కానింగ్ ప్రభువుకు విన్నవించుకొన్నాడు. ప్రభుత్వం ఒప్పుకొని ప్రత్యేక విధి కింద ఆ పనికి కేటాయించింది. దాని ఫలితమే 1862–64 మధ్య కలకత్తాలో అచ్చయిన ద బర్డ్స్ ఆఫ్ ఇండియా. వెయ్యికి పైగా జాతుల పక్షులు అందులో ఉన్నాయి. రంగు, కొలత ఒక్కటే కాక, ఏం తింటుంది, ఎట్టా కూస్తుంది, గూడు ఎక్కడ కడుతుంది, పల్లెవాళ్లు ఏమంటారు అన్న విషయాలన్నీ ఉన్నాయి. కర్ణాటక సీమలో ఊరి నడుమ పొట్టి చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కట్టుకొని మనుషులను లెక్కచేయకుండా కాపురం ఉండడం తాను కళ్లారా చూచినట్లు అందులో ఉంది. దొరవారి సత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులను చూచిన వాళ్లకు అది కొత్త సంగతి అనిపించదు. నేలపట్టు 1976లో పక్షి రక్షిత కేంద్రమైంది. 2022 నుంచి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి చేరింది గాని, ఆ పక్షులు జిల్లా సరిహద్దులు ఎరుగవు గదా.

1867లో క్షీరదాలను గూర్చి ద మామల్స్ ఆఫ్ ఇండియా వచ్చింది. 1868లో ఉద్యోగ విరమణ చేశాడు. అప్పుడైనా ఇంటికి పోయాడా అంటే, లేదు. అస్సాం, ఖాసీ కొండల వైపు తిరిగాడు. అక్కడ గౌహతిలో జబ్బు పడ్డాడు. 1870లో ఇంగ్లండు చేరాడు గాని మళ్లీ కోలుకోలేదు. 1872 జూన్ 12న లండను శివారు అప్పర్ నార్‌వుడ్‌లో కన్ను మూశాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. మన దేశంలో గడిపినవి ముప్పై నాలుగేళ్లు. భారత జాతీయ కాంగ్రెసు స్థాపకుల్లో ఒకడైన ఎ. ఓ. హ్యూమ్ గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడు కూడా. ఆ తరం వారందరికీ జెర్డన్ పుస్తకమే పాఠ్యగ్రంథం. 1888 నుంచి వెలువడిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటాలకు కూడా జెర్డన్ వేసిన దారే ఆధారం.

మనిషి పోయాడు. ఆయన పక్షి మాత్రం ఉందా, పోయిందా? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన దాన్ని చూచాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. అంతే. ఆ తరువాత ఎనభై ఏళ్లకు పైగా కలివికోడిని శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు. 1930 ప్రాంతంలో తూర్పు కనుమలను గాలించిన వెర్నే సర్వేకూ దొరకలేదు. అంతరించిపోయిన జాతుల్లో దాన్ని కలిపివేసే రోజు దగ్గర పడింది.

1985లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు మళ్లీ వెదకడం మొదలుపెట్టారు. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లా పల్లెలు తిరిగి వేటగాళ్లకు బొమ్మలు చూపి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అయితన్న అనే పల్లె వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుతురులో ఒక పక్షిని ప్రాణాలతో పట్టి ఇచ్చాడు. అది కలివికోడే! ఆ పక్షి ఎక్కువ రోజులు బ్రతకలేదు గాని, జాతి బ్రతికే ఉందని తేలిపోయింది. దొరలంతా పగలు వెదికారు. పక్షి తిరిగేదేమో రాత్రి. ఆ రహస్యం తెలిసినవాడు అయితన్న. జెర్డన్ నాటి యానాది పేరు పుస్తకానికి ఎక్కకపోయినా, అయితన్న పేరు ఎక్కింది. లెక్క కొంతైనా సరిపడింది. 1988లో ఆ ప్రాంతాన్ని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.

ఉందని తెలిసింది సరే, ఎన్ని ఉన్నాయి? ఎక్కడెక్కడ ఉన్నాయి? రాత్రి తిరిగే పిట్టను ముళ్ల పొదల్లో మనిషి వెంబడిస్తే అది కనబడదు. తుపాకి ఎత్తితే ఉన్న నాలుగూ పోతాయి. జెర్డన్ కాలంలో పక్షిని తెలుసుకోవడమంటే కాల్చి చర్మం ఒలవడమే. ఆయన కూడా అదే చేశాడు. ఈ కాలానికి అది కుదరదు. అప్పుడు ముందుకు వచ్చినవి రెండు ఉపాయాలు. మొదటిది, పొదల మధ్య నేలను పట్టీలుగా చదునుచేసి మెత్తటి మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలు చూడడం. మన ఇళ్లలో దొంగ పిల్లి జాడ కోసం బూడిద చల్లినట్లే. రెండవది, దానంతట అదే పనిచేసే కెమెరా. జీవి దాని ముందుకు రాగానే క్లిక్కుమంటుంది. జగన్నాథన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ఈ రెండు పద్ధతులూ లంకమలలో పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. అడుగుజాడ పట్టీలు పక్షి ఉనికిని చెప్పాయి. ఆ అడుగులు ఏ పక్షివో కెమెరా సాక్ష్యం పలికింది. సూర్యాస్తమయమైన ముప్పావుగంట ప్రాంతంలో అది కొద్ది నిమిషాలపాటు కూస్తుందని తేలిన తరువాత ఆ కూత వినడం కూడా ఒక పద్ధతి అయింది. అది తినేవి ముఖ్యంగా చెదలు, చీమలు. చీమల మీద వ్యాసం వ్రాసిన వైద్యుడికి తగిన పక్షే!

ఈ కెమెరా సంగతి కొంచెం చెబుతాను. 1920లలో ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తర భారతంలో పులి నడిచే దారికి అడ్డంగా తీగె కట్టి, కాలు తగిలితే ఫొటో పడేటట్లు చేశాడు. ఇప్పటి కెమెరాలకు తీగె అక్కరలేదు. జంతువు ఒంటి వేడి చుట్టూ ఉన్న వేడికి భిన్నంగా కదిలితే లోపలి పరికరం పసిగట్టి బొమ్మ తీస్తుంది. 2018 పులుల లెక్కింపులో మన దేశమంతటా 26,838 చోట్ల ఇటువంటివి పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా బొమ్మలు పడ్డాయి. వాటిలో పులులవి ఎన్నో కావు. మిగిలినవి జింకలు, పందులు, పశువులు, కట్టెలకు పోయే మనుషులు, గాలికి ఊగిన ఆకులు! ఇన్ని బొమ్మలను విడదీసి ఇది ఫలానా జంతువు, ఫలానా చోట, ఫలానా గంటకు అని వ్రాసి పెట్టాలి. యంత్రాలు ఇప్పుడు కొంత సాయం చేస్తున్నాయి గాని, ప్రపంచమంతటా ఈ పనికి ఎక్కడ చూచినా స్వచ్ఛందంగా వచ్చే విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు చేయి వేస్తూనే ఉన్నారు. కోరంగి, కృష్ణా డెల్టాల మడ అడవుల్లో చేపలు పట్టే నీటిపిల్లి తిరుగుతున్నదని రుజువు చేసినవీ ఇటువంటి కెమెరాలే. జీతం లేకుండా, ఉద్యోగం పక్కన పెట్టకుండా, తీరిక వేళల్లో చూచినది చూచినట్లు వ్రాసే ఈ మనుషులు జెర్డన్ వంశం వాళ్లే అని నా ఉద్దేశం. ఆయనకు జీతం ఇచ్చింది రోగులను చూచినందుకు. పక్షులను చూచినది ఇష్టంతో.

ఇక్కడ రైతుబిడ్డగా ఒక మాట చెప్పాలి. మాది తీరానికి దగ్గర పల్లె, పెన్నా డెల్టా కింద వరి. సోమశిల నీరు రాకపోతే మా పొయ్యి మీదికి కుండ ఎక్కదు. కాలువ విలువ నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెలుగుగంగ పథకంలో భాగంగా కడప జిల్లాలో ఒక కాలువ తవ్వకం 2005లో కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చింది. ఎక్కడ ఏ పక్షి ఉందో అప్పటికే కెమెరాలూ అడుగుజాడలూ తేల్చి పెట్టాయి గనుక పరిశోధకులు వెంటనే పసిగట్టగలిగారు. పని ఆగింది, కాలువ దారి మళ్లించారు. నీళ్లు కావాలా, పిట్ట కావాలా అని మన ఊళ్లలో అడుగుతారు. నేను ఆ ప్రశ్నను వెక్కిరించను. ఎండిన మడి ముందు నిలబడినవాడికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. కాని ఈ సందర్భంలో రెంటిలో ఒకటి వదులుకోవలసిన అవసరమే రాలేదు. కాలువకు వంపు తిరగడం తెలుసు. పిట్టకు మరో చోటు తెలియదు. అయితే అది ఎక్కడుందో ముందుగా ఎవరో ఒకరు చూచి వ్రాసి ఉండబట్టే ఆ వంపు సాధ్యమైంది. తెలియని దాన్ని ఎవరూ కాపాడలేరు. లెక్క వ్రాయడం ఎందుకు అనేవారికి నా జవాబు ఇదే.

ఆ తరువాత చాలా ఏళ్లు కలివికోడి జాడ మళ్లీ తెలియలేదు. ఇక లేదేమో అని నిరాశపడుతున్న సమయంలో, 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు కడప సీమలో రాత్రిపూట దాని కూత విని రికార్డు చేశారు. మళ్లీ ఆశ చిగురించింది. కాని మేకల మంద, కట్టెల గొడ్డలి, రాళ్ల క్వారీ, దున్నకం ఆ పొదల చుట్టూ దగ్గరవుతూనే ఉన్నాయి. మరీ దట్టంగా పెరిగిన అడవి దానికి పనికిరాదు, పూర్తిగా నరికిన నేలా పనికిరాదు. మధ్యస్థంగా, పొదకూ పొదకూ నడుమ పరుగెత్తేందుకు జాగా ఉండాలి. మనకు పనికిరాని బీడు అనిపించేదే దానికి ఇల్లు.

మిత్రులారా, జెర్డన్‌కు విగ్రహం పెట్టమని నేను అడగను. ఆయన చేసిన పని మన కళాశాలలో కొనసాగితే చాలు. అడవిలో కెమెరా కట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది. కూతను టేపు పెట్టి పదే పదే వినిపించి పక్షిని బెదరగొట్టడమూ తప్పే. కనుక ఇష్టం వచ్చినట్లు పోయి చేసే పని కాదిది. కాని ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. పులికాటు, నేలపట్టు మనకు గంటన్నర ప్రయాణం. దానికి పోవడానికి బైనాక్యులర్సూ, నోటుపుస్తకమూ, తెల్లవారుఝామున లేచే ఓపికా చాలు. అటవీశాఖ వారు గాని, పరిశోధకులు గాని కెమెరా బొమ్మలు విడదీయడానికి మనుషులు కావాలంటే మా తరగతి నుంచి చేతులెత్తే వాళ్లున్నారు. అధ్యాపకులు దారి చూపితే వచ్చే ఏడాది ఈ సంచికలో ఒక పక్షుల జాబితా మన పేర అచ్చు కావచ్చు. అందులో తేదీ, చోటు, తెలుగు పేరు ఉండాలి. ముఖ్యంగా ఆ పేరు మనకు చెప్పిన యానాది తాత పేరు కూడా ఉండాలి.

– తృతీయ బి.ఎస్సి. (బి.జెడ్.సి.) విద్యార్థి